ఇంకోసారి సెప్పు

పలాసలో మా బడి గోడ వెనకాలే జీడిపిక్కల బట్టీ.
మధ్యాహ్నం రెండో పీరియడ్‌కి
క్లాసులోకి పొగ ముందొస్తుంది, తర్వాత నేను.
చంకలో హాజరుపట్టీ, చేతుల్లో పదకొండు ట్యాబులు.
పిల్లలు ముప్పై నలుగురు.
పన్నెండో ట్యాబు మడ్డు గవర్రాజు బెంచీ మీంచి జారవిడిచినప్పట్నుంచి
దాని తెర నిండా సాలెగూడు.

ఇవాళ పలకడం పాఠం.
యంత్రం ఒక మాట చెబుతుంది, పిల్ల తిరిగి చెప్పాలి.
కుదిరితే పచ్చ చుక్క.
కుదరకపోతే తెర ఎర్రగా వణుకుతుంది,
లోపల్నించి ఎవరో దొరసాని:
ట్రై ఎగైన్.

బమ్మిడి జ్యోత్స్న వంతు.
"షెల్" అంది యంత్రం.
"సెల్లు" అంది జ్యోత్స్న.
ట్రై ఎగైన్.
"సెల్లూ!"
ట్రై ఎగైన్.
మూడోసారికి తెర మీద జైలుగది బొమ్మ వేసి
నువ్వన్నది ఇదేనా అని అడిగింది.

రోజూ చీకటి పడే వేళకి
అమ్మ పక్కన కూచుని పెంకులు ఒలిచే పిల్ల
ఆ పెంకు పేరు దగ్గర ఆగిపోయింది.
జీడి కారి బొటనవేలు పొరలు లేచిపోయి,
నొక్కితే ఒక్కోసారి తెరకి తెలియనే తెలియదు
ఎవరో తట్టారని.

"ఏటి మేడమ్, దీనికి సెవుడా?"
క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను.
కాసేపటికి సిగ్గేసింది.
విజయనగరంలో ట్రైనింగ్‌కి వెళ్ళినప్పుడు, ఏసీ గదిలో,
ఇదే దొరసాని నన్ను "జీరో" దగ్గర నాలుగుసార్లు నిలబెట్టింది.
పక్కవాళ్ళకి వినబడకుండా సౌండు తగ్గించుకున్నాను.
ఆ సంగతి పిల్లలకి చెబుదామని నోరు తెరిచాను.
కరెంటు పోయింది.

వైఫై డబ్బా కన్ను మూసింది.
నా పాఠ్యప్రణాళికలో దీనికి గడి లేదు.
"నాను ట్యాబుని, మేడమ్!"
గవర్రాజు అప్పటికే బీరువా వెనకాల దూరిపోయాడు.
చెవిన పడింది పడినట్టే పలక మీద రాసి
చెయ్యొక్కటే బయటికి పెట్టి చూపిస్తాడు.
"షిప్" అని అరిస్తే "సిప్" వచ్చింది.
"వెస్ట్" అంటే "ఎస్ట్".
తప్పు నోటిదా, చెవిదా?
తగువు. తగువులో సగం
ఎవరూ అడక్కుండానే ఇంగ్లీషు.
"యూ నో లిజన్!"
"యూ నో స్పీక్, యూ ఈటింగ్ వర్డ్స్!"
ఏడాదిగా ఈ క్లాసు నోట రెండు వాక్యాలు రప్పించలేక
గొంతు ఎండిన మనిషిని,
వ్యాకరణం దిద్దబోయి, పెదవి కొరుక్కున్నాను.

జ్యోత్స్న ఆఖర్న వచ్చింది.
"సెల్లు."
బీరువా వెనక ఏమీ కదల్లేదు.
తర్వాత గవర్రాజు తల బయటికొచ్చింది.
"ఏ సెల్లు? మాటాడేదా, ఒలిచేదా?"
"ఒలిచేది."
"అయితే మీ సంటోడు ఏడిత్తే ఏటంటావు? ఉష్‌ష్ అంటావు గదా.
అది ముందెట్టు."

"ష్‌ష్... ఎల్."

చెయ్యి బయటికొచ్చింది. పలక మీద
కోడి కెలికినట్టు నాలుగక్షరాలు,
ఆ పైన సుద్దతో ఒక చుక్క.
పచ్చసుద్ద లేదు, తెల్లదే.

రాత్రి పదింటికి నా ఫోన్లో
వాళ్ళమ్మ నంబరు నుంచి నలభయ్యొక్క సెకన్ల హోంవర్కు.
"దిస్ ఈజ్ షెల్. దిస్ ఈజ్ నట్. మై మదర్ కటింగ్."
వెనక కాలితో తొక్కే కోత యంత్రం, టక్కు, టక్కు.
మధ్యలో టక్కు ఆగింది.
"ష్... ఎల్లు" అంది ఇంకో గొంతు, బొంగురుగా.
నవ్వు. పసివాడి ఏడుపు.
"ఒలే, ఇంకోసారి సెప్పు."

మార్కుల ఫారం తెరిచాను.
ఉచ్చారణకి అయిదు, ధారాళతకి అయిదు.
పాల్గొన్నవారి సంఖ్య దగ్గర
ముందే ఒకటి అని వేసి ఉంది.
నొక్కితే మారలేదు.
బొటనవేలు చీరకి తుడుచుకుని
మళ్ళీ నొక్కాను.